చకింగ్ అనుమానమా? బౌలర్ యాక్షన్‌ని ఫోన్‌తో కొలిచి సరిదిద్దే పద్ధతి

నెట్స్‌లో ఒక కుర్రాడి చెయ్యి కాస్త వంకరగా కనిపిస్తే చాలు, "వీడు త్రో వేస్తున్నాడు" అనేస్తారు, అంటే మోచేయి విసురుతూ రూల్‌కి విరుద్ధంగా బంతి వేస్తున్నాడని. చకింగ్ అన్నా ఇదే. ఆ మాట ఒకసారి పడితే వదలదు. స్కూల్ టోర్నీ నుంచి లీగ్ మ్యాచ్ దాకా ప్రతి అంపైరూ అతని మోచేతినే చూస్తుంటాడు. అందుకే కోచ్ నోరు విప్పే ముందు కొలవాలి. స్లో మోషన్ ఉన్న ఫోన్, ట్రైపాడ్, ల్యాప్‌టాప్, తెల్ల టేపు చుట్ట, ప్లాస్టిక్ గోనియోమీటర్ (కీలు కోణం కొలిచే పరికరం) ఉంటే అకాడమీ స్థాయిలో ఈ పని ఒక పూటలో అయిపోతుంది. ల్యాబ్ చెప్పేంత కచ్చితంగా ఫోన్ చెప్పలేదు. కానీ ఎవరిని ల్యాబ్‌కి పంపాలి, ఎవరి యాక్షన్ మీద ఇప్పుడే పని మొదలుపెట్టాలి, ఎవరి జోలికి అసలు వెళ్లకూడదు అన్నది తేల్చుకోవడానికి సరిపోతుంది.

ముందు రూల్ సరిగ్గా తెలియాలి

క్రికెట్ చట్టాలు రాసే మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ (ఎంసీసీ) చట్టాల్లో 21.2 చెప్పేది ఇది: బౌలింగ్ చెయ్యి తిరుగుతూ భుజం ఎత్తుకి వచ్చిన క్షణం నుంచి బంతి చేతిని వదిలేదాకా మోచేయి కొంచెం గానీ పూర్తిగా గానీ తిన్నబడకూడదు. మణికట్టు ఎంత తిప్పినా, ఎంత వంచినా అడ్డు లేదు. మోచేయి వంగి ఉండటం అసలు తప్పే కాదు. 30 డిగ్రీల వంపుతో పైకొచ్చిన చెయ్యి 30 డిగ్రీల వంపుతోనే బంతిని వదిలితే అది సక్రమమైన బంతి. 20 వంపుతో వచ్చి 5తో వదిలితే 15 డిగ్రీలు తిన్నబడినట్టు. మన మైదానాల్లో వినిపించే వాదనల్లో సగం ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే వస్తాయి.

15 డిగ్రీల దాకా తిన్నబడొచ్చన్నది అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) నిబంధన. అంతకుముందు స్పిన్నర్లకి 5, మీడియం పేసర్లకి 7.5, ఫాస్ట్ బౌలర్లకి 10 డిగ్రీలుండేది. 2004 ఛాంపియన్స్ ట్రోఫీలో తీసిన వీడియోలను విశ్లేషిస్తే, ఎవరూ వేలెత్తి చూపని బౌలర్ల మోచేతులు కూడా ఆ హద్దులు దాటుతున్నాయని బయటపడింది. 2005 మార్చి నుంచి అందరికీ ఒకటే హద్దు పెట్టారు. మామూలు కంటికి తేడా తెలియడం ఇంచుమించు ఆ స్థాయి దగ్గరే మొదలవుతుందన్న లెక్క కూడా ఆ అంకె వెనక ఉంది.

ఎంసీసీ చట్టంలో మాత్రం డిగ్రీల ఊసు లేదు. ఇద్దరు అంపైర్లలో ఎవరికి అనిపించినా నోబాల్ ఇవ్వొచ్చు. మొదటిసారి హెచ్చరిక, అదే చివరిది కూడా. అదే ఇన్నింగ్స్‌లో మళ్లీ జరిగితే ఆ బౌలర్ ఇక ఆ ఇన్నింగ్స్‌లో బంతి పట్టడానికి లేదు. జిల్లా లీగ్‌లో ఆడే పిల్లలకి ఎదురయ్యేది ఇదే కాబట్టి కోచ్‌కి ఈ రెండూ తెలియాలి.

కదలని చేతిని ముందు కొలవండి

వీడియో కన్నా ముందు బౌలర్‌ని నిలబెట్టి చెయ్యి చూడాలి. చిన్నప్పుడు మోచెయ్యి విరిగిందా, ఎప్పుడైనా కీలు తప్పిందా అని అడగండి. తర్వాత అరచేయి ముందుకి పెట్టి, చెయ్యి పూర్తిగా చాచమనండి. గోనియోమీటర్ మధ్యభాగాన్ని మోచేయి బయటి ఎముక మీద పెట్టి, ఒక కాడ భుజం కొనవైపు, రెండోది బొటనవేలి పక్క మణికట్టు ఎముకవైపు ఉంచండి. మూడుసార్లు కొలిచి సగటు రాసుకోండి.

ఇక్కడ మూడు సంగతులు తెలుస్తాయి. ఎంత చాచినా చెయ్యి తిన్నబడకపోతే అది పుట్టుకతోనో దెబ్బ వల్లో వచ్చిన స్థిరమైన వంపు. సున్నా దాటి వెనక్కి వంగితే హైపర్ ఎక్స్‌టెన్షన్. ఎదురుగా నిలబడి చూస్తే ముంజేయి శరీరానికి దూరంగా పక్కకి తిరిగి ఉండేది క్యారీయింగ్ యాంగిల్, ఇది అందరికీ ఎంతో కొంత ఉంటుంది, ఆడపిల్లలకి సాధారణంగా ఎక్కువ. వెనక్కి వంగడాన్నీ పక్కకి తిరగడాన్నీ ఐసీసీ కొలతలో లెక్కలోకి తీసుకోరు. కానీ కంటికి త్రో వేసినట్టు కనిపించేది ఎక్కువగా వీటివల్లే.

టేపు అంటించడం, వీడియో తీయడం

చేతుల్లేని బనియన్ వేయించండి. పొడుగు చేతుల చొక్కాతో తీసిన వీడియో దేనికీ పనికిరాదు. భుజం కొన మీద, మోచేయి బయటి ఎముక మీద, లోపలి ఎముక మీద, మణికట్టుకి రెండు పక్కలా 2 సెంటీమీటర్ల టేపు ముక్కలు అంటించండి. చెయ్యి తిరిగేటప్పుడు చర్మం ఎముక మీద జారుతుంది, కాబట్టి ఎముక తగిలే చోటే అంటించాలి. కండ మీద అంటిస్తే కొలత మొదట్లోనే తప్పుతుంది.

ఫోన్‌ని సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టండి. మామూలు 30 ఫ్రేముల వీడియో ఎందుకు చాలదో చిన్న లెక్క చూడండి. భుజం ఎత్తు నుంచి బంతి వదిలేదాకా పట్టే సమయం సెకనులో పదో వంతు కన్నా తక్కువే. 30 ఫ్రేముల్లో ఆ భాగానికి దక్కేవి రెండో మూడో బొమ్మలు. ఒక బౌలర్ సెకనులో ఇరవయ్యో వంతులో 15 డిగ్రీలు తిన్నబడ్డాడనుకుంటే, 30 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము అటూ ఇటూ అయితే 10 డిగ్రీల తప్పు వస్తుంది. 240 ఫ్రేముల్లో అదే తప్పు ఒకటిన్నర డిగ్రీ లోపు. టీవీ రీప్లే ఆపి గీతలు గీసి "ఇదిగో చూడండి" అనేవాళ్ల లెక్కలు నిలవకపోవడానికి ఇదొక కారణం.

కెమెరా మూడు చోట్ల పెట్టాలి: బౌలింగ్ చేతి పక్క నుంచి క్రీజుకి సూటిగా, బౌలర్ వెనక నుంచి, బ్యాట్స్‌మన్ వైపు నెట్ వెనక నుంచి. మూడు ఫోన్లుంటే ఒకేసారి, లేకపోతే ఒక్కో చోట ఆరేసి బంతులు. దూరం 6 నుంచి 8 మీటర్లు, ఎత్తు బౌలర్ భుజమంత. దగ్గరికి జరిగి వైడ్ లెన్స్‌తో తీస్తే ఫ్రేము అంచుల్లో చెయ్యి సాగినట్టు కనిపిస్తుంది. దూరంగా ఉండి 2ఎక్స్ లెన్స్ వాడండి. పగటి వెలుతురులోనే తీయాలి. ఇండోర్‌లో ట్యూబ్‌లైట్ల కింద ఈ వేగంలో బొమ్మ మసకబారి మినుకుమంటుంది. వీడియోని వాట్సాప్‌లో పంపుకోవద్దు. ఫైలు కుదించుకుపోయి ఫ్రేములు పోతాయి. కేబుల్‌తో అసలు ఫైలే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించండి.

బౌలర్ బాగా వార్మప్ అయ్యాక, మ్యాచ్ వేగంతో వేయించాలి. స్టాక్ బాల్ (అతను మామూలుగా వేసే బంతి), వేగంగా వేసే బంతి, అతని దగ్గరున్న ప్రతి వేరియేషన్ విడివిడిగా ఆరేసి. కెమెరా ఉందని తెలిస్తే పిల్లలు జాగ్రత్తపడి మెల్లగా వేస్తారు. ల్యాబ్‌లో కూడా పరీక్షలో వేసిన బంతుల్ని మ్యాచ్ వీడియోతో పోల్చి చూస్తారు, ఇదే కారణం. ఎదురుగా బ్యాట్స్‌మన్‌ని పెట్టి, వీలైతే ఆరు ఓవర్ల స్పెల్ చివర తీయండి. అలసిన చెయ్యి దాచుకోలేదు.

ఫ్రేముల్లో కోణం లెక్కపెట్టడం

కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియో తెరిచి రెండు ఫ్రేములు గుర్తించండి. మొదటిది, దండచేయి నేలకి సమాంతరంగా వచ్చిన ఫ్రేము. రెండోది, బంతి వేళ్లని ఇంకా తాకుతూ ఉన్న చివరి ఫ్రేము. వాటి మధ్య ప్రతి ఫ్రేములో భుజం, మోచేయి, మణికట్టు టేపుల్ని కలుపుతూ కోణం గీయండి. సాఫ్ట్‌వేర్ లోపలి కోణం చూపిస్తుంది కాబట్టి దాన్ని 180లోంచి తీసేస్తే వంపు వస్తుంది. 158 చూపిస్తే వంపు 22.

ఉదాహరణకి ఒక బంతికి వరసగా 18, 22, 25, 24, 19, 13, 9 వచ్చాయనుకోండి. మొదటి అంకెలోంచి చివరిది తీసేసి 9 డిగ్రీలే అనుకుంటే తప్పు. 18 నుంచి 25కి వంగడం చట్టానికి పట్టదు. 25 నుంచి 9కి తిన్నబడింది చూడండి, అది 16. అన్నింటికన్నా ఎక్కువ వంపు ఎక్కడుందో పట్టుకుని, అక్కణ్నుంచి బంతి వదిలేదాకా ఎంత తగ్గిందో చూడాలి. మోచేయి వెనక్కి వంగే బౌలర్ అయితే సున్నా దగ్గర ఆగిపోండి. 8 నుంచి మైనస్ 7కి వెళ్తే 15 అని రాయకూడదు, 8 అని రాయాలి.

ఫోన్ ఎక్కడ మోసపోతుంది

చెయ్యి ఒకే తలంలో తిరగదు. పైకి వచ్చేటప్పుడు దండచేయి తన చుట్టూ తను లోపలికి తిరుగుతుంది. వంపు ఏమాత్రం మారని చెయ్యి కూడా అలా తిరుగుతున్నప్పుడు పక్క నుంచి చూస్తే ముందు వంగినట్టు, తర్వాత చాచుకున్నట్టు కనిపిస్తుంది. శ్రీలంక స్పిన్నర్ ముత్తయ్య మురళీధరన్ కథంతా ఇక్కడే ఉంది. 1995 బాక్సింగ్ డే టెస్టులో మెల్‌బోర్న్‌లో అంపైర్ డారెల్ హెయిర్ అతనికి ఏడు నోబాల్స్ ఇచ్చాడు. మురళీ మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాచుకోదు. ఆ వంపూ, భుజం తిరిగే తీరూ కలిసి కంటికి త్రోలా కనిపించాయి. 2004లో అతను మోచేయి కదలకుండా ఉక్కు కడ్డీల పట్టీ బిగించుకుని కెమెరాల ముందు బౌలింగ్ చేసి చూపించాడు. చెయ్యి అప్పుడూ అలాగే కనిపించింది.

ఆ పద్ధతిని మనమూ వాడుకోవచ్చు. పీవీసీ పైపు ముక్కని నిలువుగా చీల్చి, లోపల దూది పెట్టి, మోచేయి వెనక క్రేప్ బ్యాండేజీతో కట్టండి. బౌలర్‌ని నిలబడిన చోటు నుంచి సగం వేగంతో ఆరు బంతులు వేయమని, అదే కెమెరాతో తీసి కోణాలు లెక్కపెట్టండి. మోచేయి కదలడం లేదు కాబట్టి అక్కడ కనిపించే మార్పంతా కెమెరా తప్పే. అది 8 డిగ్రీలు వచ్చిందంటే, ఆ కోణం నుంచి తీసిన మామూలు బంతుల్లో కూడా దాదాపు అంత అబద్ధం కలిసి ఉందని అర్థం. నొప్పంటే వెంటనే కట్టు విప్పేయాలి, పేసర్లకి ఇది వద్దు.

ఇంకొకటి, ఫోన్ సెన్సర్ బొమ్మని వరసలవారీగా తీసుకుంటుంది. వేగంగా కదిలే తిన్నని చెయ్యి విల్లులా వంగినట్టు పడుతుంది. ఒక్క ఫ్రేముని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టి తీర్పు చెప్పడం బౌలర్‌కి చేసే అన్యాయం.

ఇవన్నీ లెక్కలో పెట్టుకుని ఒక మోటు కొలమానం అనుకోవచ్చు. రెండు వైపుల నుంచి 10 లోపు వస్తే ఆ బౌలర్‌ని వదిలెయ్యండి. 10 నుంచి 20 మధ్య వస్తే అనుమానం, సీరియస్‌గా ఆడే కుర్రాడైతే ల్యాబ్ పరీక్ష గురించి ఆలోచించాలి. రెండు వైపుల నుంచీ 20 దాటితే ల్యాబ్ కోసం ఆగనక్కర్లేదు, పని మొదలుపెట్టొచ్చు.

మోచేయి ఎందుకు తిన్నబడుతుంది

2014లో ఐసీసీ గట్టిగా పట్టుకున్నప్పుడు సస్పెండైన సచిత్ర సేననాయకే, కేన్ విలియమ్సన్, ప్రాస్పర్ ఉత్సేయా, సొహాగ్ గాజీ, సయీద్ అజ్మల్, మహమ్మద్ హఫీజ్, అందరూ ఆఫ్ స్పిన్ వేసేవాళ్లే. ఇది యాదృచ్ఛికం కాదు. దూస్రా (ఆఫ్ స్పిన్‌లాగే కనిపించి ఎదురు దిశలో తిరిగే బంతి) వేయాలంటే బంతి వదిలేటప్పుడు చేతి వెనకభాగం బ్యాట్స్‌మన్‌కి కనిపించేలా మణికట్టు తిరగాలి. భుజానికీ ముంజేతికీ అంత తిరుగుడు లేనివాడు మోచేయి వంచి చేతిని ఆ స్థానానికి తెచ్చుకుంటాడు. అలా వంచితే వేగం పోతుంది. ఆ వేగం కోసం చివర్లో మోచేయి విసురుతాడు.

దూస్రా కన్నా ఎక్కువమందిని పట్టించేది మాత్రం క్విక్కర్ బాల్. స్టాక్ బాల్ 8 డిగ్రీలుండి, వేగంగా వేసిన బంతి మాత్రం 18 దాటే పిల్లలు ఉంటారు. రనప్ మారదు, నడుము తిరిగే వేగం మారదు, కానీ బంతి మాత్రం జోరుగా పోవాలి. ఆ అదనపు వేగం మోచేతిలోంచి తప్ప ఇంకెక్కడి నుంచి వస్తుంది?

కారణం చాలాసార్లు మోచేతిలో ఉండదు. బౌలింగ్ చేయని చెయ్యి (కుడిచేతి బౌలర్‌కి ఎడమ చెయ్యి) తొందరగా కిందికి పడిపోతే ఛాతీ ముందే తెరుచుకుని చెయ్యి వెనకబడుతుంది. వెనకబడ్డ చెయ్యి అందుకోవడానికి మోచేయి చాచుకుంటుంది. రనప్ లేకుండా రెండడుగులు వేసి బంతి విసిరే పార్ట్‌టైమర్లది మరో రకం. పిల్లల్లోనైతే రెండు మామూలు కారణాలు: టెన్నిస్ బాల్‌తో అలవాటైన మోచేతి విసురు, వయసుకి మించిన బంతి. పెద్దల బంతి 156 నుంచి 163 గ్రాములు, 13 ఏళ్ల లోపు పిల్లలకి 133 నుంచి 144 గ్రాములది ఉంది. పదేళ్లవాడి చేతిలో పెద్ద బంతి పెట్టి "చెయ్యి వంచకు" అని అరిస్తే లాభం లేదు, బంతి మార్చండి.

సరిదిద్దడం

రెండు దారులున్నాయి, ఏ బౌలర్‌కి ఏది అన్నది ముందే తేల్చుకోవాలి. చెయ్యి పూర్తిగా చాచుకోగలిగేవాడికి, భుజం ఎత్తుకి రాకముందే చాచేయడం నేర్పాలి. చట్టం లెక్క మొదలయ్యేది అక్కణ్నుంచే కాబట్టి అంతకుముందు ఎంత చాచినా పర్వాలేదు. స్థిరమైన వంపు ఉన్నవాడికి ఆ వంపుని అలాగే చివరిదాకా నిలపడం నేర్పాలి. అతన్ని "తిన్నగా పెట్టు" అంటే ఆ ప్రయత్నంలోనే తిన్నబడటం మొదలవుతుంది.

పని మొదలుపెట్టాక మ్యాచ్‌ల్లో బౌలింగ్ ఆపించండి. ఇదే అన్నింటికన్నా కష్టం, తల్లిదండ్రులు ఒప్పుకోరు. కానీ ఒత్తిడిలో చెయ్యి పాత దారికే పోతుంది, వారమంతా చేసిన పని ఆదివారం మ్యాచ్‌లో కరిగిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని మొదటి రోజే చెప్పేయాలి.

మొదటి రెండు వారాలు రనప్ లేదు. కాళ్లు క్రీజులో పెట్టి, బౌలింగ్ చెయ్యి వెనక భుజం ఎత్తులో చాచి, ఒక్క క్షణం ఆగి, అక్కణ్నుంచే బంతి వదలాలి. పిచ్ సగం దూరం చాలు. రోజుకి 36 బంతులు, వారానికి నాలుగు రోజులు. చెయ్యి చాచి ఉన్నప్పుడు మోచేయి వెనక 20 సెంటీమీటర్ల కినీసియో టేపు (ఆటగాళ్లు కండరాలకి అంటించుకునే సాగే టేపు) నిలువుగా అంటిస్తే, వంచిన ప్రతిసారీ చర్మం లాగి గుర్తుచేస్తుంది. కోచ్ కేకలకన్నా ఇది బాగా పనిచేస్తుంది. చెయ్యి పక్కకి గుండ్రంగా తిరిగే బౌలర్‌ని గోడకి 20 సెంటీమీటర్ల దూరంలో, బౌలింగ్ భుజం గోడవైపు ఉండేలా నిలబెట్టి, గోడ తగలకుండా చెయ్యి తిప్పించండి.

మూడు, నాలుగో వారాల్లో మూడడుగుల రనప్. ఇక్కడ చూడాల్సింది ఎడమ చెయ్యి. అది ఎత్తుగా వెళ్లి నడుముని లాగుతూ కిందికి రావాలి. వేగం అక్కణ్నుంచి వస్తే మోచేతికి పని ఉండదు. అయిదో వారం నుంచి పూర్తి రనప్, స్టాక్ బాల్ మాత్రమే. వారానికోసారి ఆరు బంతులు వీడియో తీసి అంకెలు రాయండి. అంకె వరసగా రెండు వారాలు హద్దులో ఉంటేనే క్విక్కర్ బాల్. దూస్రా అన్నింటికన్నా చివర. చాలామంది పిల్లలకి దాన్ని వదిలెయ్యమని చెప్పడమే నిజాయితీ. 2004లో మురళీ దూస్రా పెర్త్‌లో కొలిస్తే 14 డిగ్రీలు వచ్చింది, సవరించాక 10కి దిగింది. అది ప్రపంచంలోనే మేటి స్పిన్నర్‌కి, మంచి ల్యాబ్ పక్కన ఉండగా సాధ్యమైన పని. అజ్మల్ 2015లో సవరించిన యాక్షన్‌తో తిరిగొచ్చినా పాత పదును దొరకలేదు, అంతర్జాతీయ మ్యాచ్‌లు కొన్నే ఆడగలిగాడు.

రిపోర్ట్ చేస్తే

అంతర్జాతీయ మ్యాచ్‌లో యాక్షన్ మీద అనుమానం ఉందని బౌలర్‌ని రిపోర్ట్ చేస్తే, అతను 14 రోజుల్లోపు గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్షకి హాజరవ్వాలి. మన దేశంలో ఆ కేంద్రం చెన్నైలోని శ్రీరామచంద్ర యూనివర్సిటీలో ఉంది. ఫలితం వచ్చేదాకా బౌలింగ్ చేయొచ్చు. గడువు దాటితే ఏమవుతుందో అంబటి రాయుడు ఉదంతం చెబుతుంది. 2019 జనవరిలో సిడ్నీ వన్డేలో అతని ఆఫ్ స్పిన్‌ని రిపోర్ట్ చేశారు, 14 రోజుల్లో పరీక్షకి వెళ్లకపోవడంతో కొలత లేకుండానే సస్పెన్షన్ పడింది. దేశవాళీ, లీగ్ టోర్నీల పద్ధతి వేరు. 2014 ఛాంపియన్స్ లీగ్‌లో వెస్టిండీస్ స్పిన్నర్ సునీల్ నరైన్‌ని హైదరాబాద్ మ్యాచ్‌ల్లో రెండుసార్లు రిపోర్ట్ చేస్తే, బెంగళూరు ఫైనల్‌కి దూరమయ్యాడు. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాద్ స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝాని బీసీసీఐ ఆపింది, యాక్షన్ సరిచేసుకుని 2015 జనవరి చివరికల్లా క్లియరెన్స్ తెచ్చుకున్నాడు.

ల్యాబ్ పరీక్ష రిపోర్ట్ చేతికొచ్చాక ఏ రకం బంతికి ఎంత వచ్చిందో విడివిడిగా చదవండి. ఒక్క రకమే హద్దు దాటితే దాన్ని మానేసి మిగతావి వేసుకోవచ్చు. 2009లో దక్షిణాఫ్రికా స్పిన్నర్ యోహాన్ బోథా అలాగే దూస్రా లేకుండా కొనసాగాడు. యాక్షన్ మార్చుకున్నాక మళ్లీ పరీక్ష ఎప్పుడైనా కోరవచ్చు. కానీ మొదటి సస్పెన్షన్ నుంచి రెండేళ్లలోపు రెండోసారి సస్పెండైతే 12 నెలల దాకా పునఃపరీక్ష లేదు. అందుకే క్లియరెన్స్ వచ్చిన రోజు నుంచి నెలకోసారి, అవే మూడు కెమెరా స్థానాల నుంచి, అదే ఎత్తులో, అవే ఆరు బంతులు తీసి తేదీ వేసి దాచండి. అంకె రెండు మూడు డిగ్రీలు పెరిగినట్టు కనిపిస్తే మళ్లీ మూడడుగుల రనప్‌కి తీసుకెళ్లండి, ఇంకో అంపైర్ రాసేదాకా ఆగొద్దు.